ఎడమచేతి గ్లౌజు

జెర్సీల గది,
సోమవారం మధ్యాహ్నం.

తమ్ముడికి,

అందరం క్షేమం అని మొదలుపెడితే ఏదో దాస్తున్నానని వెంటనే పసిగడతావు కాబట్టి సోది లేకుండా చెప్పేస్తున్నాను. ఈ సంగతి ఇంకెవరి నోటనో నీ చెవిన పడేలోపు నేనే చెప్పాలని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మరీ కూర్చున్నాను. మా క్లబ్బుకి కొత్త హెడ్ కోచ్ వచ్చాడు. మీ కెప్టెనే.

కాగితం చింపకు. మిగతాది చదివి చింపు. ఫోన్ కూడా చేయకు. ఫోన్లో నేను ఏడుస్తాను, నువ్వు అరుస్తావు. కాగితం మీదైతే ఇద్దరం కాస్త మర్యాదగా ఉంటాం, ఇన్నేళ్లుగా అలాగే నెట్టుకొస్తున్నాం.

ఆయన వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్లూ రాయడానికి చెయ్యి రాలేదు. ఊరు ఊరంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. పాత కోచ్ ఎలాంటివాడో చెప్పానుగా, ఓడిన ప్రతిసారీ గడ్డి బాలేదనో, రిఫరీ బాలేదనో, చివరికి నేను ఉతికిన జెర్సీలు బిగుతయ్యాయనో అనేవాడు. ఈయన వచ్చాక మొదటి ఆటే ఓడిపోయాం. విలేకరులు మైకులతో మీద పడితే రెండే రెండు మాటలన్నాడు. "తప్పు నాది." అంతే, లేచి వెళ్లిపోయాడు. తర్వాతి ఆటకి గ్యాలరీలో ఆ రెండు మాటలతో ఇంత పొడుగు బ్యానరు వెలిసింది. ఇప్పుడు టోపీల మీద అదే, స్కూటర్ల వెనక అదే. పన్నెండేళ్లుగా కప్పు మొహం చూడని జనం, ఈసారి ఖాయమని ఒకళ్లనొకళ్లు పట్టుకుని చెప్పుకుంటున్నారు. నాయకుడంటే ఇలా ఉండాలట, నింద తను మోసి పేరు కుర్రాళ్లకి ఇవ్వాలట.

మీ బావ సంగతి చెప్పనే అక్కర్లేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఒక్క తప్పు ఒప్పుకున్న పాపాన పోని మనిషి, మొన్న పాలు పొంగబెట్టి, గుండె మీద చెయ్యేసుకుని "తప్పు నాది" అనేసి వెళ్లి టీవీ పెట్టుకున్నాడు. పొయ్యి తుడిచింది మాత్రం నేను.

మీ కెప్టెన్ ఇంకో కొత్త పద్ధతి పెట్టాడు. మా మైదానంలో ఆట ఉన్న రోజు జెర్సీలు మేం పంచకూడదు. నేను నంబర్ల వరసలో మడతపెట్టి బల్ల మీద పెడతాను. ఆటకి గంట ముందు ఆయనే మా గదికి వచ్చి, ఒక్కోటీ విప్పి దులిపి, ఆటగాడి చేతిలో పెట్టి, వాడికి మాత్రమే పనికొచ్చే ఒక్క మాట చెబుతాడు. క్లబ్బు కెమెరా అదంతా మాటలతో సహా అప్పటికప్పుడు స్టేడియం పెద్ద తెర మీద చూపిస్తుంది, టీవీలోనూ వస్తుంది. ఆ పావుగంట కోసమే జనం ముందుగా వచ్చి కూర్చుంటున్నారు.

నేను నీ అక్కనని ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

నీ అక్క.


బస్సు డిపో, డ్రైవర్ల గది,
శుక్రవారం, రెండో ట్రిప్పుకి ముందు.

అక్కకి,

చింపలేదు. నాలుగు మడతలు పెట్టి స్టీరింగ్ పక్కన ఉంచుకుని, ఆగిన ప్రతి స్టాపులోనూ చదివాను. మూడో స్టాపులో ఒక పెద్దావిడ పూర్తిగా దిగకముందే బస్సు కదిలించాను. ఆవిడ తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఇన్నేళ్ల సర్వీసులో నా మీద ఒక్క ఫిర్యాదు లేదు. ఇది కూడా వాడి పుణ్యమే.

తప్పు నాది అన్నాడా. ఆ మాటకి వాడి నోరు తిరుగుతుందని నాకు తెలియదు. తిరిగేదైతే పద్దెనిమిదేళ్ల కిందట తిరగాల్సింది.

నీకు తెలిసిందే మళ్లీ రాస్తున్నాను. అప్పుడప్పుడు కాగితం మీద పెట్టి చూసుకోకపోతే, ఇదంతా నేనే కల్పించుకున్నానేమోనని అనుమానం వస్తుంది. కప్పు ఫైనల్. ఆఖరి నిమిషం, ఇద్దరికీ గోల్స్ సమానం, వాళ్లకి పెనాల్టీ. తన్నబోయేవాడితో మా కెప్టెన్ అంతకు ముందు రెండేళ్లు ఒకే జట్టులో ఆడాడు. వాడెటు తంతాడో నాకు తెలుసని, ఆట మొదలవక ముందే నా ఎడమచేతి గ్లౌజు మణికట్టు పట్టీ విప్పి, లోపలివైపు నల్ల మార్కరుతో 'ఎడమ' అని రాశాడు. మూడక్షరాలు. బయట రాస్తే వాళ్లు చూస్తారని లోపల రాశాడు. మరిచిపోతే విప్పి చూసుకో అన్నాడు. విప్పి చూసుకునే ఎడమకి దూకాను. బంతి కుడికి వెళ్లింది.

అంతవరకు నాకు కోపం లేదు. ఎవరైనా పొరబడతారు. మర్నాడు వాడు విలేకరులతో అన్న మాట ఉంది చూడు, అది నన్ను తినేసింది. "నేను కుడివైపని చెప్పాను. వాడు ఎడమకి ఎవరికోసం దూకాడో వాడినే అడగండి." ఎవరికోసం! ఆ ఒక్క మాటతో నేను అమ్ముడుపోయినవాణ్ణయ్యాను. రాసిచ్చింది వాడేనని నేనంటే, నేను ఏ గ్లౌజు మీదా ఏమీ రాయలేదు, ఉంటే చూపించమనండి అన్నాడు. చూపిద్దామని ఇంటికి పరిగెత్తుకొచ్చాను. బ్యాగులో కుడిచేతిదొక్కటే ఉందని నువ్వన్నావు. ఎడమది ఆ గందరగోళంలో వాడే మాయం చేశాడు. రాసింది పట్టీ లోపలని నీకు తప్ప నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. గ్లౌజు చేత్తో పట్టుకుని, అందరి ముందూ పట్టీ విప్పి చూపించాలనుకున్నాను.

తర్వాత మన గోడ మీద ఏం రాశారో, దాన్ని కప్పడానికి అమ్మ ఎన్నిసార్లు రంగు వేయించిందో నీకు తెలుసు. నేను ఊరొదిలేశాను. ఇక్కడ నన్ను మూగోడంటారు. నాకు బంతి తన్నడం కూడా రాదనుకుంటారు.

ఇప్పుడు నువ్వు సరిగ్గా ఆ క్లబ్బులోనే ఉన్నావు. పాత బీరువాలు, అటకలు, ట్రోఫీల గది వెనకాల పెట్టెలు, ఏదీ వదలకుండా వెతుకు. పసుపు గ్లౌజు, బొటనవేలి దగ్గర నువ్వు కుట్టిన ఎర్రదారం. అది దొరికితే నేనే వస్తాను. వాడి బ్యానరు కిందే నిలబడి పట్టీ విప్పుతాను. ఆ ఊళ్లో వాడికి తలెత్తుకునే చోటు మిగలకూడదు. నాకు ఇంకేం అక్కర్లేదు.

తమ్ముడు.


జెర్సీల గది,
బుధవారం.

తమ్ముడికి,

వెతికాను. మా గది పెద్దాయన్ని ఏదో వంకతో బయటికి పంపి మరీ వెతికాను. ఎలకలు కొట్టిన మేజోళ్లు, గాలిపోయిన బంతులు, ఒక కట్టుడు పళ్ల సెట్టు దొరికాయి. ఆ పళ్లు ఎవరివో తిరిగొచ్చాక పెద్దాయన్ని అడిగితే, ఎవరూ అడగలేదంటే వాళ్లకి అవసరం లేదన్నమాటే అన్నాడు. గ్లౌజు మాత్రం లేదు.

కోపం తెచ్చుకోకుండా చదువు, జరిగింది రాస్తున్నాను. మొన్న ఆయన మా గదికి వచ్చాడు. ఎన్నేళ్లుగా ఇలా నిలబడి ఇస్త్రీ చేస్తున్నారమ్మా అని అడిగాడు. ఆరేళ్లన్నాను. సాయంత్రానికల్లా ఎత్తైన స్టూలు ఒకటి వచ్చింది, బల్ల కిటికీ దగ్గరికి జరిగింది. నా నడుము నొప్పి సగం తగ్గింది. ఇన్నేళ్లలో నా నడుము గురించి అడిగిన మనిషి లేడు. మీ బావతో సహా.

ఆయన ఎవరి మీదా గొంతు పెంచడు. గడ్డి కోసేవాళ్లని కూడా మీరు అంటాడు. మూడు ఆటలు వరసగా గెలిచాం. జనం ఆశ చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకూ లోపల ఎక్కడో ముచ్చటేస్తోంది. మనుషులు మారతారేమోరా. ఇరవై అయిదేళ్ల వయసులో భయపడి ఆడిన అబద్ధం అయి ఉండొచ్చు.

ఆ గ్లౌజు ఇక లేదనే అనుకో. దొరికినా మాత్రం ఏముంటుంది, ఇన్నేళ్ల తర్వాత సిరా నిలుస్తుందా? ఈ కక్ష నిన్ను లోపల్నుంచి గుల్ల చేసేస్తోంది. వదిలెయ్యరా.

నీ అక్క.


డిపో,
మంగళవారం.

అక్కకి,

స్టూలు ఇచ్చాడా. సంతోషం. కూర్చో.

సిరా గురించి ఇక్కడ స్టేషనరీ షాపులో అడిగాను. ఆ రకం మార్కరు బట్ట మీద పడితే ఇరవై ఏళ్లైనా పోదట. ఎవరైనా పనిగట్టుకుని రుద్దితే తప్ప.

మారాడంటున్నావు. మారినవాడు ముందుగా ఎవర్ని వెతుక్కుంటూ రావాలి? గడ్డి కోసేవాళ్లనా? ఓడిన ఆటకి తప్పు నాదంటే చప్పట్లు కొడతారు. అందులో పోయేదేముంది, వారం తిరిగితే ఇంకో ఆట. పరువు పోయే తప్పు వాడు జన్మలో ఒక్కటే చేశాడు, అది తెచ్చి నా మెడకి చుట్టాడు. ఇప్పుడు చిల్లర తప్పులన్నీ ఏరుకుని భుజాన వేసుకుంటుంటే జనానికి మహానుభావుడిలా కనబడుతున్నాడు.

వదిలెయ్యమన్నావు. అక్కా, నేను రోజూ డ్యూటీలో వాడి మొహాన్ని ఊహించుకుంటాను. కొట్టాలని కాదు. ఆ రోజు మైకుల ముందు నేను మాట కోసం ఎలా తడుముకున్నానో వాడూ అలా తడుముకోవాలి. జనం చూస్తుండగా నోరు తెరిచి, ఏమీ రాక, మూసుకోవాలి. అది ఒక్కసారి చూస్తే నాకు నిద్ర పడుతుంది.

మళ్లీ వెతుకు.

తమ్ముడు.


ఇంటి నుంచి,
ఆదివారం ఉదయం.

తమ్ముడికి,

ఇది జెర్సీల గదిలో కూర్చుని రాయడం లేదు. ఆ స్టూలు మీద కూర్చోబుద్ధి కావడం లేదు.

నిన్న టీవీలో ఆయనతో గంటసేపు మాటామంతీ నడిచింది. నాయకత్వం అంటే ఏమిటి, జట్టుని ఎలా నడపాలి, ఇవన్నీ అయ్యాక ఆ ఫైనల్ గురించి అడిగారు. ఆయన కాసేపు కిందికి చూసి, ఎంతో మెత్తగా అన్నాడు. "ఆ గోల్‌కీపర్‌ని నేను ఎప్పుడో క్షమించాను. నాయకుడికి క్షమించే గుండె ఉండాలి."

అక్కడున్న జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మీ బావ కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ నా మొహం చూసి చెయ్యి దించేశాడు. నా ఒళ్లు మండిపోయింది. నిన్ను క్షమించాడట! నువ్వు ఊళ్లు పట్టుకుని పోయి బస్సు తోలుకుంటుంటే, అమ్మ గోడకి రంగులేయించి వేయించి పోతే, క్షమించే గుండె ఆయనకుందట. ఆయన మారలేదురా. అబద్ధం ఆడినవాడు ఊరుకుంటే భయపడ్డాడనుకోవచ్చు. ఇన్నేళ్ల తర్వాత అదే అబద్ధానికి ఇస్త్రీ చేసి తొడుక్కుని తిరుగుతున్నాడు. ఆయన మీద జాలిపడమని నీకు రాసిన ఈ చేతిని నరుక్కోవాలనిపించింది.

అందుకే ఇంక దాచలేను. దీని తర్వాత నువ్వు నాకు ఉత్తరం రాయకపోయినా సరే.

గ్లౌజు వాడు తియ్యలేదు. నా దగ్గరే ఉంది.

ఆ ఫైనల్ సాయంత్రం నీ బ్యాగు ఇంటికి తెచ్చింది నేను. నువ్వు మొహం చూపించలేక నీ స్నేహితుడి గదిలో పడుకున్నావు. నాకేమో అప్పుడు లాండ్రీలో పని. బ్యాగు నిండా బురద బట్టలు కనబడితే నా చేతులు ఊరుకుంటాయా? నానబెట్టాను. పట్టీ విప్పి చూస్తే లోపల నల్లటి మరక. చదవను కూడా లేదురా, సిరా మరక అని మాత్రమే చూశాను. సిరా వదిలించడంలో మా లాండ్రీలో నన్ను మించినవాళ్లు లేరు. నిమ్మ ఉప్పు వేసి, బ్రష్షు పెట్టి అరగంట రుద్దాను. ఆఖరి చుక్క పోయేదాకా వదల్లేదు. పోయాక ఎంత సంబరపడ్డానో. రేపు తమ్ముడు చూసుకుని మురిసిపోతాడు అనుకున్నాను.

మర్నాడు నువ్వు పరిగెత్తుకొచ్చి, గ్లౌజేది, వాడు రాసింది అందులోనే ఉంది అన్నావు. అప్పుడు తెలిసింది నేను రుద్దింది ఏమిటో. తీగ మీద ఆరుతోంది. నా నోట్లోంచి ఒక్కటే ఉందన్న మాట వచ్చేసింది. నువ్వు కుడిది పట్టుకుని వెళ్లిపోయాక ఎడమది తీసి నా పెట్టె అడుగున పెట్టాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ పద్దెనిమిదేళ్లు అయింది. క్లబ్బు బీరువాలు వెతికానని రాసింది నిజమే. దొరకదని తెలిసే వెతికాను.

నీ అక్క.


(మూడు వారాల తర్వాత)

డిపో.

గౌరవనీయులైన అక్కగారికి,

మీ ఉత్తరం అందింది. గ్లౌజు ఉతికినట్టు తెలిసింది. మీరు చాలా శుభ్రంగా ఉతికి ఉంటారనడంలో నాకు సందేహం లేదు.

ఇన్నేళ్లూ నేను ఒకరి మీద పళ్లు నూరుతుంటే నా వస్తువు ఇంకొకరి పెట్టెలో ఉంది. గోడకి రంగు వేస్తున్నప్పుడు మీరు కూడా అమ్మ పక్కన నిలబడి బ్రష్షు పట్టుకున్నట్టు నాకు గుర్తు.

ఇకమీదట మీరు నాకు ఉత్తరాలు రాసి శ్రమపడనక్కర్లేదు. ఆరోగ్యం జాగ్రత్త. నడుముకి స్టూలు ఉంది కదా.

ఇట్లు,
బస్సు డ్రైవరు.


ఇంటి నుంచి,
గురువారం.

తమ్ముడికి,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. మీరు అన్నావు చూడు, అది నువ్వు నన్ను చెంపమీద కొట్టినా అంత తగిలేది కాదు. తగలాల్సిందే, నేను కాదనను. నా శిక్ష నువ్వు ఎలా వేసినా పడతాను. కానీ ముందు ఆయన వంతు.

వచ్చే శనివారం మా మైదానంలో ఆఖరి ఆట. గెలిస్తే కప్పు మాదే. ఊళ్లో టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. జెర్సీల పంపకం చూడటానికి కూడళ్లలో తెరలు కడుతున్నారు.

నేను పని చేసుకుంటూ ఒక్కటే ఆలోచిస్తున్నాను. గ్లౌజు మీద ఇప్పుడు ఏమీ లేదు. పట్టీ లోపల తెల్లగా ఉంది. ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. ఆయనకి తెలియదు. రాసింది పట్టీ లోపల అనే సంగతి మాత్రం మన ఇద్దరికీ కాక లోకంలో ఇంకొక్కరికే తెలుసు.

ఆ గ్లౌజుని ఒకటో నంబరు జెర్సీ మడతలో పెడతాను. మొదట విప్పేది అదే. కుర్రాళ్ల మీద నాకు కక్ష లేదు, వాళ్ల బట్టలన్నీ ఎప్పట్లాగే ఉంటాయి. ఆయన దాన్ని పాత గ్లౌజు అని పక్కన పడేస్తే నేను ఓడిపోయినట్టు. మరుసటి రోజు నుంచి నాకు పనుండదు. పోతే పోనీ. ఆ గదిలో ఆయన దయ మీద కూర్చోవడం కంటే నయం.

నువ్వు వద్దంటే మానేస్తాను. గ్లౌజు నీది.

నీ అక్క.


డిపో,
సోమవారం.

అక్కా,

కుడిది నా దగ్గరే ఉంది. బస్సులో పనిముట్ల పెట్టె అడుగున, జాకీ కింద. పద్దెనిమిదేళ్లలో నాలుగు బస్సులు మారాను, నాతోపాటు అదీ మారింది.

పట్టీ గట్టిగా అతికించి పెట్టు. వాడే విప్పాలి.

నువ్వేం మాట్లాడకు. వాడేదైనా అడిగితే ఒక్క ప్రశ్న తిరిగి అడుగు, అంతే. నీకు నోరు ఎక్కువ. దాన్ని ఆ పావుగంట ఇస్త్రీపెట్టె కింద పెట్టుకో.

తమ్ముడు.


ఇంటి నుంచి,
సోమవారం.

తమ్ముడికి,

టీవీలో చూసే ఉంటావు. అయినా నేను నిలబడ్డ చోటు నుంచి ఎలా కనబడిందో రాస్తాను.

బల్ల మీద పద్దెనిమిది జెర్సీలు, చివరన నేను. ఆటగాళ్లు వరసగా వచ్చారు, ముందు గోల్‌కీపర్. కెమెరా అతను మూలన నిలబడ్డాడు, దాని మీద ఎర్రదీపం వెలిగింది. ఆయన నవ్వుతూ వచ్చి నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. బల్ల అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను, ఇస్త్రీ చేసేవాళ్ల చేతులు ఎవరు చూస్తారు.

ఒకటో నంబరు తీసి దులిపాడు. గ్లౌజు బల్ల మీద పడింది. గోల్‌కీపర్ నవ్వాడు, కోచ్ గారు ఏదో తమాషా చేస్తున్నారనుకుని. ఆయన నవ్వలేదు. ఎర్రదారం దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. తర్వాత గ్లౌజు చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు చూడలేదు, అరచెయ్యి చూడలేదు. నేరుగా పట్టీ పట్టుకుని లాగి, లోపలివైపుకి తిప్పాడు. దీపం వెలుగులోకి ఎత్తి చూశాడు. బొటనవేలితో రుద్దాడు. మళ్లీ చూశాడు. అప్పుడు నా వైపు తిరిగి, ఆ గదిలో నేనూ ఆయనా తప్ప ఎవరూ లేనట్టు అడిగాడు.

"ఇక్కడ రాసింది ఏమైంది?"

నువ్వు చెప్పినట్టే ఒక్క ప్రశ్న అడిగాను.

"ఎవరు రాసింది సార్?"

ఆయన నోరు తెరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది కెమెరా. దాని వైపు చూశాడు, నా వైపు చూశాడు, గ్లౌజు వైపు చూశాడు. మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. తప్పు నాది అనే రెండు మాటలు ఎప్పుడూ నాలుక చివరే ఉండే మనిషి, తడుముకున్నాడురా. కెమెరా అతను దాన్ని పక్కకి తిప్పడం కూడా మరిచిపోయాడు. చివరికి గోల్‌కీపర్ పాపం చెయ్యి చాపి, సార్, నా జెర్సీ అన్నాడు. ఆయన జెర్సీ అతని చేతిలో పెట్టాడు. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మిగతా జెర్సీలు పెద్దాయనే పంచాడు.

గ్యాలరీలో జరిగింది మీ బావ చెప్పాడు. కుర్రకారుకి ఏమీ అర్థం కాలేదట. కానీ నలభై దాటినవాళ్లందరికీ ఆ పాత మాట గుర్తుంది, నేను ఏ గ్లౌజు మీదా ఏమీ రాయలేదని. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. మీ బావ తన చేతిలో ఉన్న బ్యానరు కొస పట్టుకుని లాగి, మడిచి, కింద వేసుకుని దాని మీద కూర్చున్నాడట. తర్వాత ఊరుకోలేక లేచి గట్టిగా అరిచాడట, "ఏం రాశావు?" అని. వెనక వరస అందుకుంది. తర్వాత అటుపక్క గ్యాలరీ. ఆట తొంభై నిమిషాలూ అదే. కుర్రాళ్లు రెండు గోల్స్ కొట్టి గెలిచారు, వాళ్లకి చప్పట్లు కొట్టారు. ఆయన కప్పు ముట్టుకోవడానికి వెళ్లగానే మళ్లీ మొదలైంది. ముట్టుకోకుండానే లోపలికి వెళ్లిపోయాడు. ఎన్నిసార్లు ఓడినా తనే వచ్చి మైకు ముందు నిలబడే మనిషి, గెలిచిన రోజు తన సహాయకుణ్ణి పంపాడు.

నిన్న ఉదయం నా సామాను సర్దుకోవడానికి వెళ్లాను, రేపట్నుంచి రావద్దని ఆఫీసువాళ్లు కాగితం ఇచ్చారు. ఆయన గుమ్మంలోకి వచ్చాడు. ఒక్కడే. నేను ఎవరి అక్కనో ఈలోగా ఎవరో చెప్పినట్టున్నారు. "తప్పు నాది" అన్నాడు, చాలా చిన్న గొంతుతో. నీ అడ్రసు అడిగాడు. నన్ను తీసేయకుండా తను మాట్లాడతానన్నాడు.

"నాకు చెప్పాల్సిన మాట కాదు సార్ అది. మైకు ముందు అన్నది మైకు ముందే వెనక్కి తీసుకోవాలి."

అడ్రసు ఇవ్వలేదు. ఆయన దయతో నిలిచే పని నాకొద్దన్నాను. నా కత్తెర, నా సూదుల డబ్బా, గ్లౌజు తీసుకుని, స్టూలు మోసుకెళ్లి ఆయన గది గుమ్మంలో పెట్టి వచ్చేశాను. నడుము పట్టేసింది. పర్వాలేదు, హాయిగా ఉంది.

ఇప్పుడు నా వంతు. ఏం శిక్ష వేస్తావో రాయి.

నీ అక్క.


డిపో, డ్రైవర్ల గది,
శుక్రవారం.

అక్కా,

చూశాను. ఇక్కడ మా గది టీవీ ముందు పదిహేను మందిమి. వాడు పట్టీ లాగి లోపలికి తిప్పిన క్షణం నేను కుర్చీ చెయ్యి విరిచేశాను, నిజంగానే విరిగింది. వాడు తడుముకుంటుంటే కళ్లార్పకుండా చూశాను. ఇన్నేళ్లూ ఊహించుకున్న దానికంటే బాగుంది. ఇంతకంటే బాగున్నదేదీ ఈ మధ్య చూడలేదు. జాలి వేస్తుందేమోనని కాసేపు ఆగి చూసుకున్నాను, వేయలేదు.

మావాళ్లకి ఏమీ అర్థం కాలేదు. ఎవరిదా గ్లౌజు, ఎందుకంత కంగారుపడ్డాడు అని ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"ఆ గ్లౌజు నాది."

మూగోడు మాట్లాడాడని అందరూ ఇటు తిరిగారు. బస్సుకెళ్లి జాకీ కింద నుంచి కుడిది తెచ్చి బల్ల మీద పెట్టాను. మొదటినుంచీ చెప్పాను, అదీ అంతా. నా బస్సు కండక్టరు ఒక్కటే అడిగాడు, మరి నువ్వు అటెందుకు దూకావని. కెప్టెన్ మాట నమ్మానని చెప్పాను. అతను తలూపాడు. మొన్నటిదాకా ఆ తల ఊపే మనిషి ఒక్కడు దొరికితే చాలనుకునేవాణ్ణి.

నిన్న వాడు మైకు ముందుకి వచ్చాడట, రాసింది తనే అని ఒప్పుకున్నాడట. ఫోన్లో ఎవరో చూపించబోతే నేను చూడలేదు. జనం మళ్లీ చప్పట్లు కొట్టే ఉంటారు. కొట్టనీ. నన్ను క్షమించమన్నాడట కూడా. నాకు క్షమించే గుండె లేదు. అది నాయకులకి ఉండాలని వాడే చెప్పాడు, నేను గోల్‌కీపర్‌ని. అడ్రసు ఇవ్వనందుకు నీకు పది మార్కులు.

ఇక నీ శిక్ష. నిన్ను కూడా క్షమించలేదు, ఆశ పెట్టుకోకు. గ్లౌజు పోస్టులో పంపొద్దు, నువ్వే తేవాలి. ఇప్పుడు నీకు పని కూడా లేదు, వంకలు చెప్పకు. బావని కూడా తీసుకురా, అరిచినందుకు ఆయన చెయ్యి పట్టుకోవాలి. స్టేషన్ ముందు నా బస్సు ఆగి ఉంటుంది. నా వెనక సీటు నీకే ఉంచుతాను. ఆఖరి స్టాపుదాకా గంటా పది నిమిషాలు, దారంతా తిడతాను. నువ్వు ఏడవొచ్చు, అరిచేది మాత్రం నేనే.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. ఆ పట్టీ లోపల ఇప్పుడు వాడి బొటనవేలి చెమట మరక ఉంటుంది. నీ చేతులు ఊరుకోవని నాకు తెలుసు.

ఉతక్కుండా తీసుకురా.

తమ్ముడు.